ఎండాకాలం గాలివానలు: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉగాది దాటగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం గాలివానల గురించే ఉంటాయి. ఈసారీ అంతే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, ఎక్కువమందికి పనికొచ్చేవాటిని ఎంచుకున్నాం. పంట గురించి అడిగింది ఒక్కరే గానీ, ఇక్కడున్న మనవాళ్లలో చాలామందికి ఊళ్లో తోటలున్నాయి కాబట్టి దానికీ చోటిచ్చాం.

ప్రశ్న: పొద్దున మండే ఎండ. సాయంత్రం నాలుగున్నరకు చీకటి కమ్మి ఈదురు గాలి, వడగళ్లు. గంట తిరక్కుండా మళ్లీ తెరిపి. వైట్‌ఫీల్డ్‌లో మా ఆడపడుచు వాళ్లింటి ముందు మోకాళ్లలోతు నీళ్లు, మా దగ్గర చినుకు రాలలేదు. ఈ వానలు ఇలా ఎందుకుంటాయి? – ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఆ మండే ఎండ వల్లేనండీ. మార్చి నుంచి మే దాకా మూడు నెలలను వాతావరణ శాఖ రుతుపవనాలకు ముందు కాలంగా లెక్కిస్తుంది. ఈ రోజుల్లో విదర్భ, మరాఠ్వాడా వైపు నుంచి కర్ణాటక లోపలి జిల్లాల మీదుగా తమిళనాడు దాకా తరచూ ఒక ద్రోణి, అంటే గాలి పీడనం తగ్గిన పొడవాటి గీత లాంటి పట్టీ, ఏర్పడుతుంది. దానికి ఒక పక్క దక్కన్ మీదుగా వచ్చే పొడి వేడి గాలి, మరో పక్క సముద్రం మీంచి వచ్చే తేమ గాలి. ఆ గీత ఏ రోజు బెంగళూరు దగ్గరికి జరిగితే ఆ రోజు మనకు వాన యోగం.

మధ్యాహ్నానికి నేల కాగి, దాన్ని ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది. కొంత ఎత్తుకు వెళ్లాక చల్లబడి అందులోని ఆవిరి నీటి బిందువులవుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వేడిని వదులుతుంది, ఆ వేడితో గాలి ఇంకా పైకి దూసుకుపోతుంది. రెండింటికి క్యాలీఫ్లవర్‌లా కనిపించిన తెల్లమబ్బు నాలుగింటికల్లా పన్నెండు, పదమూడు కిలోమీటర్ల ఎత్తుకు పెరగడం ఈ కాలంలో మామూలే. మబ్బు నెత్తి చదునై ఒక పక్కకు సాగిపోతుంటే పైన మంచు పలుకులు తయారైనట్టు.

ఏప్రిల్‌లో మన మీద సున్నా డిగ్రీల మట్టం సముద్రమట్టం నుంచి సుమారు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ పైన చాలా బిందువులు సున్నా కన్నా చల్లబడి కూడా గడ్డకట్టకుండా నీళ్లుగానే ఉంటాయి. మంచు పలుకు తగిలిందో లేదో దానికి అంటుకొని గడ్డకడతాయి. పైకి తోసే గాలి ఎంత బలంగా ఉంటే వడగల్లు అంతసేపు పైనే నిలిచి అంత లావవుతుంది. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి, వడగల్లు కిందికి పడుతూ కరిగే దూరం చెన్నైతో పోలిస్తే దాదాపు ఒక కిలోమీటరు తక్కువ. అక్కడ నీళ్లయి పడేది ఇక్కడ రాయిగానే పడుతుంది. జూలైలో మబ్బును పైకి తోసే గాలికి ఇంత ఊపు ఉండదు. అందుకే ముసురు పడుతుందే గానీ వడగళ్లు పడవు.

మీ ఆడపడుచు ఇంటి సంగతి. ఒక్కో మబ్బు అడ్డంగా ఐదు నుంచి పది కిలోమీటర్లు, దాని ఆయుష్షు ముప్పావుగంట, మహా అయితే గంట. మీ ఇంటికీ వైట్‌ఫీల్డ్‌కీ మధ్య ఉన్న దూరమే అంత. పైగా వానతో చల్లబడి బరువెక్కిన గాలి కిందికి కూలి, నేలను తాకి నలుదిక్కులా పాకుతుంది. వానకు పది నిమిషాల ముందు ఒంటికి తగిలే చల్లటి ఈదురు గాలి అదే. ఎనిమిది, పది డిగ్రీలు ఠక్కున పడిపోతాయి. ఆ గాలి అంచు పక్కనున్న వేడి గాలిని ఎగదోసి ఇంకో మబ్బును పుట్టిస్తుంది. యలహంకలో వెలిసిన వాన కె.ఆర్.పురంలో మళ్లీ మొదలైనట్టు అనిపించేది ఇందుకే. అది అదే వాన కాదు, దాని పిల్ల.

ప్రశ్న: ఫోన్‌లో 40 శాతం వాన అని చూపిన రోజు చినుకు పడదు. 20 శాతం అన్న రోజు తడిసి ముద్దవుతాం. దేన్ని నమ్మాలి? – ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: ఈ మూడు నెలల్లో ఫోన్ యాప్‌లో వచ్చే ఆదివారం వాన చూసుకోవడం శుద్ధ దండగ. 40 శాతం అంటే అలాంటి రోజులు పది వస్తే నాలుగు రోజులు మీ చోట వాన పడుతుందని. ఎంత పడుతుందో, ఎంతసేపు పడుతుందో ఆ అంకె చెప్పదు. చాలా యాప్‌లు ప్రపంచమంతటినీ తొమ్మిది, పది కిలోమీటర్లో అంతకన్నా పెద్దవో అయిన గళ్లుగా విడగొట్టి లెక్క కట్టే నమూనాల మీద ఆధారపడతాయి. మన మబ్బే ఒక గడి అంత ఉంటే, అది ఏ గడిలో పుడుతుందో ముందురోజే చెప్పడం వాటి వల్ల కాదు.

అందుకే చూడాల్సింది విడతలు విడతలుగా చూడాలి. పొద్దున వాతావరణ శాఖ జిల్లా హెచ్చరిక: పసుపు అయితే ఓ కన్నేసి ఉంచాలి, నారింజ అయితే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అయితే పనులు మానుకొని జాగ్రత్తపడాలి. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఇన్సాట్ ఉపగ్రహ చిత్రం, దాంతోపాటు కిటికీలోంచి ఆకాశం. మూడు తర్వాత వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల హెచ్చరిక. 'గంటకు 40–50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు' అనే మాట అందులో కనిపిస్తే వాన లెక్క పక్కన పెట్టి గాలి సంగతి చూసుకోండి. పిడుగుల కోసం పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ ఉంది. కర్ణాటక విపత్తు పర్యవేక్షణ కేంద్రం వాళ్ల 'సిడిలు', బెంగళూరు వానల కోసం వాళ్లదే 'మేఘ సందేశ' కూడా ఉన్నాయి. మూడూ పెట్టుకోనక్కర్లేదు, ఒకటి పెట్టుకొని లొకేషన్ ఆన్‌లో ఉంచితే చాలు.

రాడార్ బొమ్మ చూసే అలవాటున్నవారికి ఒక మాట. చెన్నై రాడార్ నుంచి బెంగళూరు దాదాపు 290 కిలోమీటర్లు. రాడార్ కిరణం అర డిగ్రీ పైకి చూస్తూ బయలుదేరుతుంది, భూమేమో వంగిపోతుంది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ కిరణం ఏడు కిలోమీటర్ల పైన పోతుంది. కాబట్టి బెంగళూరు మీద ఆ బొమ్మలో ఏమీ లేకపోతే వాన లేదని కాదు, పొట్టి మబ్బు ఉన్నా దానికి కనిపించదు. ఏదైనా కనిపించిందంటే మాత్రం అది ఏడు కిలోమీటర్లు దాటి పెరిగిన మబ్బే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రంగుల పట్టీలో 40 దాటితే గట్టి వాన, 55 దాటితే వడగళ్ల అనుమానం.

ఇంకొకటి. వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. ఆదివారం సాయంత్రం కురిసింది సోమవారం లెక్కలో పడుతుంది. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితేనే 'భారీ వర్షం' అంటారు. బెంగళూరు రోడ్లు మునగడానికి మాత్రం అరగంటలో 30 మి.మీ. చాలు. సర్కారు లెక్కలో అది 'మోస్తరు' వానే. ఆ మాట విని ధైర్యంగా బయల్దేరొద్దు.

ప్రశ్న: మేము జయనగర్‌లో ఉంటాం. అబ్బాయి గుర్‌గావ్, అమ్మాయి కోల్‌కతా, మా అత్తగారు చెన్నై అన్నానగర్. ఏప్రిల్, మేలలో ఫోన్ చేస్తే ఒకరికి దుమ్ము, ఒకరికి గాలివాన, ఒకరికి ఉక్క. ఎండాకాలం అందరికీ ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు? – ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: ఎండ అందరికీ ఉంది. తేమ ఎక్కడినుంచి ఎంత వస్తుందన్న దగ్గరే తేడా అంతా.

గుర్‌గావ్‌కు సముద్రం దూరం. అక్కడి మబ్బులను కదిలించేది మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. మార్చిలో అవే పంజాబ్, హర్యానాల్లో కోతకొచ్చిన గోధుమ మీద వడగళ్లు కురిపిస్తాయి. మేలో అక్కడ మబ్బు కింద గాలి ఎంత పొడిగా ఉంటుందంటే వాన చినుకు నేలకు చేరకముందే ఆవిరైపోతుంది. చినుకు ఆవిరైతే గాలి చల్లబడి, బరువెక్కి ధబాలున కూలుతుంది. ఎండిన నేలను తాకి దుమ్మును గోడలా లేపుతుంది. అక్కడివాళ్లు 'ఆంధీ' అనేది దాన్నే. 2018 మే 2 రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ఇలాంటి గాలికి వందమందికి పైగా చనిపోయారు. గోడలు, ఇళ్లు కూలి పోయినవారే చాలామంది. మీ అబ్బాయికి చెప్పాల్సిందల్లా: పడమర దిక్కు గోధుమరంగుకు తిరిగితే కిటికీలు మూసుకోవాలి. కారులో ఉంటే రోడ్డు దిగి, గోడకూ హోర్డింగ్‌కూ దూరంగా ఆపుకొని, ఆ ఊపు తగ్గేదాకా కదలకూడదు. 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో ఇలాంటి గాలికే పెద్ద హోర్డింగ్ పెట్రోల్ బంకు మీద కూలి 17 మంది పోయారు.

కోల్‌కతాది కాలవైశాఖి, అంటే అక్కడి ఎండాకాలం గాలివాన. బంగాళాఖాతం తేమ చేతికందే దూరంలో ఉంది కాబట్టి అక్కడ దుమ్ముతో ఆగదు, కుండపోత పోస్తుంది. ఆ మబ్బులు చాలావరకు మధ్యాహ్నం జార్ఖండ్‌లోని ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీద పుట్టి ఆగ్నేయంగా నడుస్తాయి. జంషెడ్‌పూర్ మీద రెండింటికి మబ్బు లేచి ఇటు కదిలిందంటే సాయంత్రం ఆరు ప్రాంతానికి కోల్‌కతా చేరవచ్చు. మీ అమ్మాయి ఆఫీసు నుంచి బయల్దేరే వేళ అదే గనక, ఆ రోజుల్లో మధ్యాహ్నం ఒకసారి జంషెడ్‌పూర్ వైపు ఉపగ్రహ చిత్రం చూసుకోమనండి. బెంగళూరు కన్నా ఆ ఊరికి ఇదొక సదుపాయం, గాలివాన దారి తెలిసి వస్తుంది. అస్సాంలో బిహూ రోజుల్లో వచ్చే గాలివానను 'బొర్దొయిసిలా' అంటారు.

అత్తగారి చెన్నైలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. ఆ గాలి కొన్ని వందల మీటర్ల మందాన చల్లటి పొరలా పరుచుకుంటుంది కాబట్టి మబ్బు పైకి లేవదు. తేమ మాత్రం ఒంటికి అంటుకుంటుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి సాయంత్రం దాకా లోపలికి రాలేదు, అప్పుడు 40 డిగ్రీలు దాటుతుంది. మన పంచాంగంలో మే 4 నుంచి 28 దాకా ఉండే కర్తరే వాళ్ల కత్తిరి వెయ్యిల్. ఎప్పుడైనా చిత్తూరు, వేలూరు వైపు పుట్టిన మబ్బు సాయంత్రానికి చెన్నై దాకా వస్తే అది అదృష్టం. ఆవిడ గురించి గాలివాన భయం వద్దు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రాకుండా, నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండేలా చూడండి.

బెంగళూరుకు ఎత్తు వల్ల కాస్త చలువ, రెండు సముద్రాల తేమ అందే వీలు. అయినా 2016 ఏప్రిల్ 24న ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. 2024 ఏప్రిల్‌లో నగరంలో చెప్పుకోదగ్గ వానే లేదు. ఏటా వస్తుందన్న భరోసా లేని వాన ఇది. మన మామిడి జల్లులు, కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల పూతవానలు ఈ కుటుంబంలోవే. అక్కడ ఫిబ్రవరి చివర, మార్చిలో ఒక మంచి వాన పడితే వారం పది రోజుల్లో తోట తెల్లగా పూస్తుంది. చాలీచాలని వాన పడితే మొగ్గ విచ్చుకోక పాడవుతుంది. అందుకే అక్కడి రైతులు ఆ నెలల్లో తుంపర్ల పైపులు సిద్ధంగా పెట్టుకుంటారు.

ప్రశ్న: సొంత ఇల్లు, మేడ మీద నీళ్ల ట్యాంకు, కుండీలు, షేడ్ నెట్, సోలార్ హీటర్ ఉన్నాయి. పోయినేడాది పిడుగు ఎక్కడో పడితే మా టీవీ, వైఫై పెట్టె పోయాయి. ఏమేం చేసుకోవాలి? – ఒక పాఠకుడు, హోరమావు

జవాబు: ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అన్న సామెత మీ టీవీకి సరిపోయింది. పిడుగు మీ ఇంటి మీదే పడనక్కర్లేదు. అర కిలోమీటరు అవతల కరెంటు లైను మీదో దాని పక్కనో పడినా తీగలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఇంట్లోకి వస్తుంది. స్విచ్ ఆపితే చాలదు, అంత వోల్టేజీ స్విచ్‌లోని సందును దూకేస్తుంది. ప్లగ్గే పీకాలి. వైఫై పెట్టెలు ఎక్కువగా పోయేది కరెంటు వైపు నుంచి కాదు, ల్యాన్ తీగ వైపు నుంచి. డిష్ ఉంటే టీవీ వెనక దాని తీగ కూడా విప్పాలి. ఇవన్నీ తొలి ఉరుముకే చేయాలి. పిడుగులు దగ్గర్లో పడుతుంటే ప్లగ్గుల దగ్గరికి వెళ్లొద్దు.

శాశ్వత ఏర్పాటు కావాలంటే మెయిన్ బోర్డులో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే అది అలంకారమే. ఎండాకాలంలో మట్టి ఎండిపోయి ఎర్త్ గుంత పనితనం పడిపోతుంది. అంటే పిడుగులు పడే కాలంలోనే అది బలహీనంగా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఆ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి చూపించండి. మేడ మీది పిడుగు కడ్డీ గోడలను కాపాడుతుంది, టీవీని కాదు.

గాలికి కొమ్మ పడి న్యూట్రల్ తీగ తెగితే ఒక గదిలో బల్బు మామూలు కన్నా ఎక్కువగా వెలుగుతుంది, ఇంకో గదిలో గుడ్డిగా మండుతుంది. అలా కనిపించిన క్షణమే మెయిన్ ఆపేయండి. 230 వోల్టులు రావాల్సిన చోటికి 400 దాకా రావచ్చు, ఫ్రిజ్ కాలిపోవడానికి నిమిషం పట్టదు. బెస్కాంకు, అంటే బెంగళూరు కరెంటు సంస్థకు, ఫోన్ నంబరు 1912. కరెంటు తిరిగి వచ్చాక ఫ్రిజ్, ఏసీ పది నిమిషాలు ఆగి వేయండి.

మేడ మీదికి వద్దాం. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి ఎగిరిపోయే వస్తువు. 500 లీటర్ల ట్యాంకులో పావువంతు నీళ్లుంచితే 125 కిలోల బరువు, కదలదు. మూత బిగించండి. షేడ్ నెట్ గాలికి తెరచాపలా పనిచేసి స్తంభాలను పెకలిస్తుంది. ఏప్రిల్, మేలలో సాయంత్రం మూడింటికి చుట్టి కట్టేసే అలవాటు పెట్టుకోండి, లేదా వంద రూపాయల వలను ప్లాస్టిక్ ట్యాగులతో కట్టి, గాలికి ట్యాగులే తెగిపోయేలా వదిలేయండి. స్తంభం పోవడం కన్నా వల పోవడం నయం. పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉండకూడదు, తడిసిన కుండీ కింద నడిచేవారి తల మీద పడితే మనిషి దక్కడు.

అన్నిటికన్నా ఎక్కువ మంది మరిచేది నీరు పోయే తూము. ఈ కాలంలోనే కానుగ పూలు, తురాయి రేకులు రాలి జాలీకి చాపలా అతుక్కుంటాయి. 1,200 చదరపు అడుగుల మేడ మీద రెండంగుళాల నీరు నిలిచిందంటే ఐదున్నర టన్నుల బరువు మోస్తున్నట్టు. మార్చి నుంచి వారానికోసారి జాలీ తీసి చేత్తో శుభ్రం చేయండి. బల్లపరుపు జాలీ కన్నా గుమ్మటంలా లేచినది మేలు, చుట్టూ ఆకులు చేరినా పైనుంచి నీళ్లు పోతాయి.

ప్రశ్న: ఉరుముతున్నప్పుడు సెల్‌ఫోన్ మాట్లాడితే పిడుగు పడుతుందా? స్నానం చేయొచ్చా? – ఒక పాఠకురాలు, బొమ్మనహళ్లి

జవాబు: సెల్‌ఫోన్ పిడుగును పిలవదు. చార్జింగ్ తీగ పెట్టి ఉన్న ఫోన్ మాత్రం వాడొద్దు. స్నానం, గిన్నెలు కడగడం ఆపండి, ఇనుప పైపుల్లోంచి కరెంటు వస్తుంది. మెరుపు చూశాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై సెకన్ల లోపు ఉరుము వచ్చిందంటే అది మిమ్మల్ని అందుకునే దూరంలోనే ఉంది, లోపలికి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు. చెట్టు కింద నిలబడటం అన్నిటికన్నా చెడ్డది, పిడుగు చెట్టు మీద పడి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. ఊపిరి లేకపోతే 108కి చెప్పి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 చొప్పున, రెండంగుళాల లోతు దిగేలా నొక్కుతూ ఉండండి.

ప్రశ్న: ఆఫీసు నుంచి వస్తుంటే అండర్‌పాస్‌లో నీళ్లు. ముందు బస్సు వెళ్లింది కదా అని నేనూ వెళ్లాను, కారు ఆగిపోయింది. మెకానిక్ ఇంజిన్ పోయిందన్నాడు, బీమావాళ్లు డబ్బు ఇవ్వబోమన్నారు. – ఒక పాఠకుడు, సర్జాపుర రోడ్డు

జవాబు: బస్సు గాలి పీల్చుకునే గొట్టం మీ కారు బానెట్ కన్నా ఎత్తులో ఉంటుంది. దాన్ని చూసి వెళ్లకూడదు. పైగా అది లేపిన అల మీ కారు గొట్టంలోకి వస్తుంది. ఇంజిన్‌లోకి నీరు పోతే నొక్కుకుపోదు, గాలైతే నొక్కుకుపోతుంది. నీటిని నొక్కబోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేసినప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది, బీమావాళ్లు అడ్డం పెట్టుకునేదీ దాన్నే. నీళ్లలో ఆగితే తాళం తిప్పకండి, తోయించి బయటికి తెచ్చి టోయింగ్ బండి పిలవండి. మామూలు పాలసీలో ఇంజిన్‌కు నీటి నష్టం సాధారణంగా రాదు, 'ఇంజిన్ ప్రొటెక్షన్' విడిగా తీసుకోవాలి. ఈ ఊళ్లో అది దుబారా కాదు.

టైరు సగం మునిగే నీరుంటే వెనక్కి తిరగండి. అడుగు లోతు నీరు చిన్న కారును తేల్చగలదు. 2023 మే 21న కె.ఆర్.సర్కిల్ అండర్‌పాస్‌లో నిమిషాల్లో నీరు నిండి ఒక కారులోని యువతి చనిపోయింది. అదీ ఇలాంటి సాయంత్రపు వానే. నీరు చేరుతుంటే మొదట సీటు బెల్టు, వెంటనే కిటికీ అద్దం దించడం. తలుపు కోసం పెనుగులాడొద్దు, బయటి నీటి బరువుకు అది తెరుచుకోదు. అద్దం దిగకపోతే సీటు తలదిండు పీకి దాని ఇనుప కడ్డీతో పక్క అద్దం మూల దగ్గర కొట్టాలి. ముందు అద్దం పొరల అద్దం, ఎంత కొట్టినా చీలుతుందే గానీ పగలదు.

స్కూటర్ వాళ్లకు: తురాయి, నిద్రగన్నేరు చెట్ల కింద ఆగొద్దు, బండీ పెట్టొద్దు. చుట్టూ సిమెంటు పోసిన చెట్లకు వేళ్లు పట్టుండదు. ఫ్లైఓవర్ కింద రోడ్డు మధ్యలో గుంపుగా నిలబడటం ఇంకో ప్రమాదం, వెనకొచ్చే వాహనాలకు కనబడరు.

ప్రశ్న: మా నాన్నగారికి పుంగనూరు దగ్గర నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఏటా మే గాలివానకు కాయ రాలిపోతోంది. ఇక్కడినుంచి నేనేం చెప్పగలను? – ఒక పాఠకుడు, మహదేవపుర

జవాబు: గాలికి రాలే కాయను మందు ఆపలేదు. ప్లానోఫిక్స్ కొట్టమని చెప్పేవాళ్లుంటారు. అది పిందె దశలో చెట్టు తనంతట రాల్చుకునేదానికి పనికొస్తుంది (4.5 శాతం మందు అయితే నాలుగున్నర లీటర్ల నీటికి 2 మి.లీ.). మే నెల గాలికి దాంతో లాభం లేదు, డబ్బు దండగ.

నాన్నగారు చేయగలిగినవి ఇవి. గాలివాన హెచ్చరిక ఉన్న రోజు తోటకు నిండా నీళ్లు కట్టొద్దు. తడిసి మెత్తబడ్డ నేలలో కాయ బరువుతో ఉన్న చెట్టు వేళ్లతో సహా ఒరుగుతుంది. అలాగని నెలల తరబడి ఎండగట్టినా తప్పే, ఒక్కసారిగా వాన పడితే కాయ పగులుతుంది. డ్రిప్‌తో కొద్దికొద్దిగా ఇవ్వాలి.

గాలివాన వెలిశాక అదే రోజు రాలిన కాయ ఏరేయాలి. దెబ్బతగలనిది పచ్చడికాయగా అమ్ముడవుతుంది, గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు లేత కాయ తీసుకోరు. చెట్టు కింద వదిలేస్తే పండు ఈగకు పుట్టిల్లు అవుతుంది. ఆ ఈగను పట్టే మిథైల్ యూజినాల్ ఎరలు ఎకరాకు నాలుగు నుంచి ఆరు అప్పటికే కట్టి ఉండాలి. వడగళ్లు పడితే కాయ మీద గాయాల్లోంచి మచ్చతెగులు దిగుతుంది కాబట్టి, ఆకు ఆరాక ఒకటి రెండు రోజుల్లో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు పిచికారీ చేయాలి. చీలిన కొమ్మను చీలిక కిందికి నున్నగా కోసి బోర్డో ముద్ద పూయాలి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు. రెండిటినీ విడివిడిగా ప్లాస్టిక్ డబ్బాల్లో నానబెట్టి తర్వాత కలపాలి, ఇనుప డబ్బా వాడొద్దు. ఒరిగిన లేతచెట్టును రెండు రోజుల్లోగా నిలబెట్టి, మూడోవంతు కొమ్మ తగ్గించి, మూడు వైపులా గుంజలు కట్టాలి.

పంట బీమా ఉండి, వడగళ్ల నష్టం ఆ పాలసీ కిందికి వచ్చేదైతే 72 గంటల్లోగా తెలియజేయాలి. టోల్‌ఫ్రీ నంబరు 14447. కాయ ఏరకముందే చెట్టు చెట్టుకూ ఫోటోలు తీయమనండి. మీరు ఇక్కడినుంచి చేయగలిగిన అసలు సాయం ఇదే, ఆ ఫోన్ మీరే చేయండి.

పది కాలాల పాటు పనికొచ్చేది గాలి వచ్చే వైపు రెండు వరసల సరుగుడు. ఎత్తుకు పదింతల దూరం దాకా గాలి ఊపు తగ్గుతుంది. ఈ జూన్‌లో నాటితే నాలుగేళ్లకు ఫలితం కనిపిస్తుంది.

ప్రశ్న: మే చివర పడేది రుతుపవనమో, ఈ గాలివానో ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకుడు, బనశంకరి

జవాబు: పొద్దున్నే చూడండి. తెల్లారేసరికే మబ్బు పట్టి, పడమటి గాలి పగలూ రాత్రీ విడవకుండా తోలుతూ, వేళాపాళా లేకుండా జల్లు పడుతూ, ఉరుములు తగ్గితే రుతుపవనం. పొద్దున ఎండ, సాయంత్రం ఉరుములతో ధాటిగా పడితే ఇంకా రాలేదు. కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1. 2025లో మే 24నే వచ్చేసింది. ఆ ఏడు దానికి ముందే, మే 18 రాత్రి పడ్డ వానకు బెంగళూరులో ఒక్కరోజు లెక్క 100 మి.మీ. దాటింది. వేడెక్కే గాలి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది గనక, పడ్డప్పుడు ఎక్కువ పడటం ఆశ్చర్యం కాదు.

ప్రశ్న: ఈ వాననీళ్లు పట్టుకుంటే లాభమా? మాది 30×40 సైటు. – ఒక పాఠకురాలు, రామమూర్తినగర

జవాబు: లాభమే, ఎందుకంటే ట్యాంకరు దొరకని రోజుల్లో పడే వాన ఇది. మీ కప్పు మొత్తం 1,200 చదరపు అడుగులనుకుంటే ఒక మి.మీ. వానకు 111 లీటర్లు. 25 మి.మీ. పడితే ఆవిరి, చిందుడు పోను 2,300 లీటర్లు దక్కుతాయి. సంపులోకి పంపేముందు మొదటి 2 మి.మీ., అంటే సుమారు 220 లీటర్లు బయటికి వదలాలి. నెలల దుమ్ము, పావురాల రెట్ట అందులోనే ఉంటాయి. ఎండాకాలం వానలకు వారాల ఎడం ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఇలా వదలాల్సిందే. సంపు నిండాక మిగిలేది మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు ఇంకుడు బావిలోకి పంపితే ఒక విడతకు నాలుగు వేల లీటర్లు పడతాయి. కొత్తగా కట్టే ఇళ్లకు 1,200 చదరపు అడుగుల సైటు నుంచే ఈ ఏర్పాటు తప్పనిసరి చేస్తూ 2009లో చట్టం తెచ్చారు. మీ ఇంటికి గొట్టం ఇప్పటికే ఉండవచ్చు. ఉంటే ముందు దాని ఫిల్టర్ విప్పి చూడండి, కట్టిన రోజు నుంచి ఎవరూ కడిగి ఉండరు.